వదిన రొయ్యల కూర మీద పడిన నింద

మా వదిన వండిన ఎండు రొయ్యల కూరలో ఏ దోషమూ లేదు. ఈ ఒక్క మాట నేను ఇరవై ఏళ్ల కిందటే, మా రైల్వే కాలనీలో నలుగురూ వినేట్టు చెప్పవలసింది, చెప్పలేదు. ఆ రోజుల్లో రాయపూర్‌లో మాతోపాటు ఉండి, మా వదిన పంపిన క్యారియర్లు విప్పుకుని తిన్నవాళ్లెవరైనా ఇప్పుడు ఇది చదువుతుంటే, దయచేసి చివరిదాకా చదవండి. ఆ ఎండాకాలం మీకు పట్టుకున్న దురదలకూ ఆవిడ చేతి వంటకూ ఏ సంబంధమూ లేదు.

ఇన్నేళ్ల తరవాత ఇది బయటికి రావడానికి కారణం మావాడి బొడ్డు కింద లేచిన ఒక దద్దు. మొన్న వేసవిలో అక్కడ రూపాయి బిళ్లంత మేర ఎర్రబడి, గోకిన కొద్దీ చిన్న చిన్న పొక్కులై, రసి కారి, అట్టకట్టడం మొదలుపెట్టింది. కాలేజీకి వెళ్లే కుర్రాడు కాబట్టి సిగ్గుపడి కొన్నాళ్లు దాచాడు. తెలిసిన క్షణం నుంచి మా ఆవిడ ఇంట్లో వంకాయ, గోంగూర, చేప, గుడ్డు అన్నిటికీ సెలవిచ్చి వాడికి చప్పిడి పథ్యం పెట్టింది. ఎంత పథ్యం చేసినా తగ్గకపోయేసరికి చర్మవ్యాధుల డాక్టరమ్మ దగ్గరికి తీసుకువెళ్లాం. వాడు తిన్నవన్నీ మా ఆవిడ వరసగా అప్పజెబుతుంటే ఆ డాక్టరమ్మ చెయ్యెత్తి ఆపి, ఏం తిన్నాడో తరవాత చూద్దాం, అక్కడ వాడికి ఏం తగులుతోందో ముందు అది చెప్పండి అని హిందీలో అడిగింది. తగులుతున్నది జీన్స్ ప్యాంటు గుండీ. చెమటకు ఆ లోహం కొందరి చర్మానికి పడదట. గుండీ వెనక చిన్న గుడ్డముక్క కుట్టించమని చెప్పి, ఒక మందు రాసిచ్చి పంపేసింది. మా ఆవిడ తేలికపడి దారి పొడుగునా నవ్వుతూనే ఉంది. నేను మాత్రం రిక్షాలో ఆ డాక్టరమ్మ మాట దగ్గరే ఆగిపోయాను. ఏం తగిలింది అన్న ఆ ప్రశ్న ఒకప్పుడు మా ఇంట్లో ఎవరూ అడగలేదు. అడిగి ఉంటే జవాబు తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణే.

మా నాన్న బొబ్బిలి వైపు నుంచి రైలు ఉద్యోగానికి వచ్చి రాయపూర్‌లో దిగిపోయిన మనిషి. ఆయన పోయాక అన్నయ్యకు ఉద్యోగం, క్వార్టరు దక్కాయి. అందులో అమ్మ, అన్నయ్య, వదిన, వాళ్ల చిన్న కూతురు, నేను ఉండేవాళ్లం. నాకు అప్పుడే పార్సిల్ ఆఫీసులో గుమాస్తా పని దొరికింది. వదినది భీమిలి దగ్గర సముద్రపు ఊరు. ఆవిడ కాపురానికి వచ్చిన ఏడాది నుంచే, వాల్తేరు నుంచి వచ్చే బండిలో తెలిసిన గార్డులెవరో ఒకరు ఆవిడ పుట్టింటి నుంచి ఎండు రొయ్యల మూట మోసుకొచ్చేవారు. మూట ప్లాట్‌ఫారం మీద దిగిందంటే వాసన మాకంటే ముందు క్వార్టరు చేరేది. మొదట్లో ముక్కు మూసుకున్న అమ్మ, వదిన ఆ రొయ్యలు వేయించి, పొట్టు చెరిగి, వంకాయతో దగ్గరగా వండిపెట్టాక మారు మాట్లాడకుండా రెండోసారి వడ్డించుకోవడం మొదలుపెట్టింది.

పెళ్లికాని తెలుగు కుర్రాళ్లు ఆ కాలనీలో చాలామంది ఉండేవారు. జ్వరం వచ్చిన ఒకడికి వదిన ఓసారి చారన్నం పంపితే, అతను లేచాక ఇంకెక్కడా తిననని మొండికేశాడు. అతని వెనక ఇంకొకడు, ఆ వెనక మరొకడు. వాళ్ల పేర్లతో ఆవిడకు అవసరమే లేకపోయింది. పలాసబ్బాయి, టెక్కలబ్బాయి, రాజామబ్బాయి అనేది. వాళ్లు అక్కా అనేవారు. పొద్దున్నే క్యారియర్లు వరసగా పెట్టి గిన్నె గిన్నెకీ మూతలు బిగిస్తున్నప్పుడు ఆవిడ మొహంలో ఉండే ధీమా నాకిప్పటికీ కనిపిస్తుంది. ఎక్కడో సముద్రపు ఒడ్డు నుంచి భాష రాని ఊరికి వచ్చిన మనిషికి ఆ క్యారియర్లతోనే ఒక చోటు, ఇంట్లో మాటకు ఒక విలువ వచ్చాయి.

ఇక నా సంగతి. పాతికేళ్లు నిండకుండానే నాకు కణతల దగ్గర జుట్టు నెరిసింది. తిల్దాలో రైల్వేలో పనిచేసే ఒక తెలుగాయన కూతురితో సంబంధం వచ్చింది. ఆదివారం పిల్లను చూడటానికి వెళ్లాలి. అద్దంలో చూసుకుంటే నాకు నేనే ఆ పిల్ల తండ్రిలా కనిపించాను. ఎవరికీ చెప్పకుండా గోల్ బజార్‌లో మూలికలమ్మే అతని దగ్గరికి వెళితే, భేల్వా గింజలు మరగబెట్టిన నూనె ఒక చిన్న సీసాలో పోసిచ్చాడు. భేల్వా అంటే మన నల్లజీడే, చాకళ్లు బట్టల మీద గుర్తు పెట్టే గింజ. దాని రసం తగిలితే ఒళ్లు పొక్కుతుందని చిన్నప్పటి నుంచి అమ్మ చెప్పగా విన్నవాణ్ణే. "ఏలా హాథ్ మ ఝన్ లగాబే, బాబూ" అని, చేత్తో ముట్టుకోవద్దని, అతను కూడా తన ఛత్తీస్‌గఢీలో రెండుసార్లు హెచ్చరించాడు. వేడి చేశాక దాని పొగరు పోయి ఉంటుందని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. గురువారం మధ్యాహ్నం అందరూ కునుకు తీస్తుంటే తలకు దట్టంగా పట్టించి, తలగడ మీద వాలాను. సాయంత్రం నేను లేచి వెళ్లాక మా అన్నయ్య కూతురు, అలవాటు ప్రకారం, అదే తలగడ మీద చెంప ఆనించి పడుకుంది. శుక్రవారం వదిన రొయ్యలు, వంకాయ వండింది. శనివారం తెల్లవారేసరికి నా నుదురు, చెవులు, మెడ వెనక భాగం ఎర్రగా వాచి, నీటి పొక్కులు లేచి, భగభగ మండుతున్నాయి. కళ్లు సగమే తెరుచుకుంటున్నాయి. పాపకు కుడి చెంప ఒక్కటే పొంగింది.

అమ్మ ముందు అమ్మవారేమో అనుకుని వేపరెమ్మ కోసం లేచింది. ఒళ్లు పట్టుకు చూస్తే ఇద్దరికీ జ్వరం లేదు. దాంతో అనుమానం వంటింటి మీదికి తిరిగింది.

"నిన్నటి రొయ్యలేరా! ఆ కంపు సరుకు ఇంటికి తేవద్దంటే ఇన్నారా ఎవరైనా?"

"అందరం తిన్నాం కదా అత్తా. మీరూ రెండుసార్లు ఏసుకున్నారు" అంది వదిన మెల్లిగా.

"నాకు అరిగింది. పిల్లలకి పడనేదు. చూడు ఎలాగయిపోయారో!"

అప్పుడు వదిన నావైపు తిరిగింది. "మరిదీ, బైట ఇంకేటైనా తిన్నావా?"

నేను లేదన్నాను. అది అబద్ధం కాదు. నిజంగానే నేను బయట ఏమీ తినలేదు. అబద్ధం కాదు కనుకనే అది నాలో అన్నేళ్లు హాయిగా దాక్కోగలిగింది. నూనె మాట బయటపెడితే తిల్దా వాళ్లకు నా నెరిసిన జుట్టు సంగతి తెలిసి సంబంధం తప్పిపోతుందని భయం. పైగా పాప చెంపకు కారణం నేనని తెలిస్తే అన్నయ్య ఏమంటాడోనని ఇంకో భయం. తిన్నది పడకపోతే ఒక్క చెంపకే ఎలా వస్తుందని ఎవరూ అడగలేదు. అన్నయ్య గులాబీరంగు లోషన్ తెచ్చి ఇద్దరికీ పూశాడు. పిల్లను చూడటం వాయిదా పడింది. కొన్నాళ్లకు పొక్కులు ఎండి, పొలుసులు రాలి, నా చెవులు మాత్రం నల్లగా తేలాయి. జుట్టు నల్లబడలేదు.

అక్కడితో ఆగిపోతే నేనివాళ ఇది రాసే అవసరం ఉండేది కాదు. అమ్మ పక్క క్వార్టరులో చెప్పింది, పక్క క్వార్టరు కాలనీ అంతటికీ చెప్పింది. మే నెల రాయపూర్‌లో ఒళ్లు దురద పెట్టని మనిషి ఎవరుంటారు? పలాసబ్బాయికి వీపంతా చెమటకాయలు పేలి సూదులతో గుచ్చినట్టుంటే, రొయ్యలే అన్నాడు. టెక్కలబ్బాయికి బెల్టు బిగించే చోట గుండ్రటి మచ్చ లేచి, అంచులు ఉబ్బి, నడుమ మానుతూ రోజురోజుకీ వెడల్పవుతుంటే, అది తామర అని తెలియక అతనూ రొయ్యలే అన్నాడు. రాజామబ్బాయికి వేళ్ల సందుల్లో గజ్జి, పడుకోగానే ఎక్కువయ్యేది. అతనితో ఒకే గదిలో పక్కలు వేసుకునే వాళ్లందరికీ అదే బాధ. అయినా నేరం క్యారియరుదే అయింది. ఒకరి తరవాత ఒకరు, మొహమాటంగా, మెస్సు దగ్గరైందనీ డ్యూటీ మారిందనీ చెప్పి మానేశారు. వదిన క్యారియర్లు తోమి, ఎండబెట్టి, అటక మీద పెట్టించింది. పైకి అందించినవాణ్ణి నేనే. గార్డులకు కబురు చేసి రొయ్యల మూట కూడా ఆపించింది. నాకు తిల్దా సంబంధమే కుదిరింది, ముప్ఫై నిండేసరికి తల సగం తెల్లబడింది, ఎవరూ ఏమీ అనలేదు.

డాక్టరమ్మ దగ్గరికి వెళ్లి వచ్చిన మర్నాడే అన్నయ్య ఇంటికి బయల్దేరాను. అన్నయ్య రిటైరయ్యాక బీర్‌గావ్ వైపు చిన్న ఇల్లు కట్టుకున్నాడు. అమ్మ పోయి చాలాకాలమైంది. వదిన వాకిట్లో కూర్చుని చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తోంది. ఉపోద్ఘాతం లేకుండా నూనె సీసా దగ్గర మొదలుపెట్టి, అటక దాకా మొత్తం చెప్పేశాను. ఆవిడ చేతులు ఆగిపోయాయి.

"పాప చెంప?"

"నా తలగడ, వదినా."

చిక్కుళ్ల చేట పక్కకు నెట్టి, "అంటే నా చెయ్యి కాదన్నమాట" అంది. ఆ గొంతు విన్నాకే నేను చేసిన పని పూర్తి కొలత నాకు తెలిసింది. ఇన్నేళ్లూ ఆవిడ నన్ను అనుమానించలేదు, కాలనీవాళ్లను తిట్టుకోలేదు. తన చేతినే అనుమానించుకుంది. ఇంట్లో ఎవరు ఎక్కడ గోక్కున్నా ఆ పూట తానేం వండిందో గుర్తు చేసుకునేదట. తను సైతం మళ్లీ రొయ్య ముట్టలేదట.

అంతలో పమిట నోటికి అడ్డం పెట్టుకుంది. ఏడుస్తోందనుకున్నాను.

"జుట్టు నల్లబడిందేటి మరి?"

"లేదు. చెవులు నల్లబడ్డాయి."

లోపల మంచం మీద ఉన్న అన్నయ్య లేచి వచ్చేటంతగా నవ్వింది. నవ్వి, కళ్లు తుడుచుకుని, మళ్లీ చిక్కుళ్లు అందుకుంది. "నాకొక్కదానికి సెప్పీసి సేతులు దులుపుకుందావనా, మరిదీ? ఆళ్లని పిలు. నేనొండుతాను. ఆళ్ల ముందరే సెప్పు."

పిలవడానికి ముగ్గురి ఇళ్లూ వెతుక్కుంటూ ఊరంతా తిరిగాను. మన పాత క్వార్టర్ల మీద కొత్త సున్నం పడింది. వాకిళ్లలో తెలుగు వినిపించడం తగ్గింది. ఈ ఊరు రాజధాని అవుతుందని ఎక్కడ చూసినా అదే కబురు. ఒంటరి కుర్రాళ్లు హోటల్ పార్సిల్ తెచ్చుకుంటున్నారు, దురదకు మందుల షాపులో ట్యూబు కొనుక్కుంటున్నారు, ఎవరి తలగడ వారికుంది. మంచిదే. కానీ ఒకరికి చెంప పొంగితే కాలనీ మొత్తం వచ్చి చూసే రోజులు కూడా వాటితోపాటే పోయాయి. అలా వచ్చి చూసినవాళ్లకే నేను నిజం దాచాను.

ఆదివారం అందరూ వచ్చారు. పలాసబ్బాయి తలమీద ఇప్పుడు వెంట్రుకే లేదు. మా అన్నయ్య కూతురు పిల్లలతో వచ్చింది. వదిన భీమిలి నుంచి రొయ్యలు తెప్పించి, వంకాయతో ఆ పాత పద్ధతిలోనే వండింది. వడ్డన అయ్యాక, ఎవరూ ముద్ద ఎత్తకముందే నేను లేచి నిలబడి అంతా చెప్పాను.

"అయితే నా వీపుకొచ్చింది?" అన్నాడు పలాసబ్బాయి.

"చెమటకాయలు."

"నా చేతులకి?" అన్నాడు రాజామబ్బాయి.

"గజ్జి."

"ఛీ, భోంచేసేకాడ ఆ మాటేటి బాబూ!"

"ఆగండి" అంది అన్నయ్య కూతురు. "బాబాయ్, నాకు రొయ్యలు పడవని మా అత్తారింట్లో కూడా చెప్పుకున్నాను తెలుసా! ఇన్నేళ్లూ పప్పుచారుతో పెంచారు నన్ను!" అంటూ గిన్నె తనవైపు లాక్కుంది. మా ఆవిడ ఊరుకుంటుందా? "ఆ నెరిసిన కణతలు చూసే ఒప్పుకున్నాను, పెద్దమనిషి తరహాగా ఉన్నాడని. అనవసరంగా ఒళ్లు కాల్చుకున్నావు" అంది. ఇల్లంతా గొల్లుమంది. నా గుండెల మీది బరువేదో ఆ నవ్వుల్లో దిగిపోయింది.

వదిన మాత్రం నవ్వలేదు. గరిటె పట్టుకుని గుమ్మం దగ్గర నిలబడి, నావైపే చూస్తోంది. జరిగిందంతా చెప్పాను గానీ, చెప్పవలసిన మాట ఇంకా చెప్పలేదని అప్పుడు తెలిసింది. విస్తరి దాటి ఆవిడ ముందుకు వెళ్లాను.

"వదినా, ఆ రోజు నువ్వు నన్ను, బయట ఇంకేమైనా తిన్నావా అని అడిగావు. లేదన్నాను. తినలేదు, రాసుకున్నానని చెప్పవలసింది. తప్పు నాది. నీ చేతిది కాదు, ఎప్పుడూ కాదు. నన్ను క్షమించు."