మిరప చేతులు

ఇది జరిగినప్పుడు నాకు రాయడం రాదు. నిరుడు మా పేటలో సాయంత్రాలు ఆడవాళ్ళకు చదువు చెబుతుంటే వెళ్ళి నేర్చుకున్నాను. నోటితో చెబుదామంటే, సగంలోనే ఎవరో ఒకరు తాయెత్తు కట్టించుకోమనేవాళ్ళు. కాగితం అలా అడ్డురాదు.

దయ్యాలను నేను నమ్మను. పెళ్ళికి ముందు మా నాన్నతో పాటు మిరపచేలో రాత్రిళ్ళు కాపలా పడుకున్నదాన్ని. ఇప్పటికీ నమ్మను.

మాది గురజాల దగ్గర పల్లె. కల్లాల్లో ఎండబోసిన మిరపకాయల్లోంచి తెల్లబారిన తాలుకాయలు ఏరేసే పని మాది. ఆ చేతులతో ముట్టుకుంటే పసిబిడ్డ ఒళ్ళు మండుతుంది. సబ్బుకు ఆ ఘాటు పోదు. మజ్జిగతో రుద్ది కడుక్కున్నాకే బిడ్డను ఎత్తుకుంటాం.

నా మొదటి కాన్పుకు నెలలు నిండాయి. అయినా రోజూ నీడన కూర్చుని కాయలు ఏరుతూనే ఉన్నాను. ఒకరోజు పొద్దున లేచాక కడుపులో కదలిక లేదు. ఆసుపత్రిలో చూసి, బిడ్డ గుండె కొట్టుకోవడం లేదన్నారు.

కాన్పు చేశారు. ఆడపిల్ల. నర్సమ్మ బట్టలో చుట్టి తెచ్చి, "ఎత్తుకుంటావామ్మా?" అంది.

"మిరప చేతులమ్మా, కాస్త మజ్జిగ కావాలి," అన్నాను.

ఆ బిడ్డకు ఇక ఏ మంటా తెలియదన్న సంగతి నాకు తట్టలేదు. మా ఆయన మజ్జిగ కోసం బజారుకు పరుగెత్తాడు. ఆయన వచ్చేలోపే మావాళ్ళు బిడ్డను పూడ్చడానికి తీసుకుపోయారు.

పరీక్షలన్నీ చేసినా కారణం దొరకలేదు. నా పని వల్ల కాదని డాక్టరమ్మ గట్టిగా చెప్పింది. మళ్ళీ బిడ్డ కావాలనుకుంటే ముందే వచ్చి కనపడమంది. కారణం తెలిస్తే జాగ్రత్త పడొచ్చు. తెలియనిదాని నుంచి బిడ్డనెలా కాపాడుకోను? మా ఆయన అడిగినప్పుడల్లా ఇప్పుడు కాదనేదాన్ని.

మరుసటి ఏడు, ఒక మధ్యాహ్నం కల్లంలో ఏరుతున్నాం. నా పక్కన మస్తాన్‌బీ అత్త. చుట్టం కాదు, పక్కింటావిడ. వరస కలిపి పిలుస్తాను.

"ఏందే, కాయలేరతన్నావా, పేలు చూస్తన్నావా?" అని నన్ను ఎగతాళి చేసి అటు తిరిగింది.

అప్పుడే నా ఒళ్ళో బరువు తెలిసింది. నేను కునికిపాటు పడలేదు. చూస్తే చీర కుచ్చెళ్ళు, రెండు మూడు తాలుకాయలు, అంతే. బరువు మాత్రం వెచ్చగా ఉంది. భయం వేయలేదు. చేతులు వాటంతట అవే కిందికి పోయాయి.

మస్తాన్‌బీ అత్త ఇటు తిరిగి కసిరింది. "ఓసే, ఆ చేతుల్తో ఎత్తుకుంటావేందే! పిల్ల మండిపోదా? పో, మజ్జిగ రాసుకునిరా పో!"

కల్లంలో పసిపిల్లలెవరూ లేరు.

"ఎవర్నత్తా?" అన్నాను.

ఆమె నా ఒడిలోకి చూసింది. "ఏమోనే. పిల్ల ఉన్నట్టే అగుపడింది. ఎండకి కళ్ళు చెదిరినయ్యేమో," అని తలమీద కొంగు సర్దుకుంది. అప్పటికి నా ఒళ్ళో బరువు లేదు.

మజ్జిగ మాట మా ఊళ్ళో ఎవరైనా అనేదే. ఎండ వల్లేనన్నా కాదనను. కానీ ఆమె కంటికీ నా ఒడికీ ఒకే ఎండ ఎలా తగిలిందో ఇప్పటికీ చెప్పలేను.

మరునాడు పొద్దున పనికి పోలేదు. గిన్నెడు మజ్జిగ తీసుకుని గుమ్మంలో కూర్చుని, గోళ్ళ సందుల దాకా రుద్ది కడుక్కున్నాను.

"పనికి పోవా ఏంది?" అన్నాడు మా ఆయన.

చేతులు ముక్కు దగ్గర పెట్టుకుని చూశాను. ఘాటు లేదు.

"డాక్టరమ్మ ముందే రమ్మంది గదా. పోదాం పదయ్యా," అన్నాను.