పూరీ దగ్గర ఆగిన ఊపిరి

పెద్దదోర్నాలలో రంగమ్మ హోటల్ ముందు శ్రీశైలం బస్సు ఆగితే సర్వరు మాల్యాద్రికి ఒక్క ఊపిరి చాలు. "ఇడ్లీ వడ పూరీ ఉప్మా బజ్జీ దోసె ఉల్లిదోసె పెసరట్టు" అని కిటికీల కింద అప్పజెప్పేస్తాడు. చివర విన్నదే గుర్తుంటుంది కాబట్టి బస్సులో సగం మంది పెసరట్టే అడుగుతారు. ఆ మనిషి ఆస్తల్లా ఆ ఊపిరే. నేను రోజూ అక్కడ బస్సు మారే టీచరుని, ఆ ఊపిరి గొప్పలు విని విని నా చెవులు చిల్లులు పడ్డాయి.

కార్తీకంలో అతనికి జలుబు చేసింది. దగ్గాడు, జ్వరం వచ్చి తగ్గింది. అందరికీ వచ్చేదే కదా అని మళ్లీ బస్సుల వెంట పడ్డాడు.

అప్పుడు మొదలైంది వింత. బస్సు బస్సంతా పూరీ అడిగింది. మర్నాడూ పూరీయే. వంటమనిషి సౌభాగ్యమ్మ పిండి పిసకలేక అందరినీ తిట్టింది. పెసరపిండి పులిసిపోయింది. నేనూ బుద్ధిగా పూరీలే తిన్నాను, తలుచుకుంటే సిగ్గేస్తుంది.

మూడో రోజు అందరూ వడ అడిగారు. రంగమ్మ గరిటె పక్కన పెట్టి బయటికొచ్చింది. మాల్యాద్రి "ఇడ్లీ, వడ" అని ఆగాడు. అతను గాలి పీల్చుకునేలోపే జనం వడ చెప్పేశారు.

"ఏంది మాల్యాద్రి, నిన్న పూరీ దాకా పోయినావు, ఇయ్యాల వడ కాడనే ఆగినావు?"

"జలుబేలే అక్కా."

"జ్వరం మళ్లా వచ్చిందా?"

"రెండు దినాలాయ. గాలి పీలిస్తే ఈ పక్క పొడుస్తాది."

"అట్లయితే ఆటో ఎక్కు. రేపు ఇడ్లీ కాడ ఆగుతావు."

ఇడ్లీకి ముందు ఇంకేమీ లేదు. నాకు నిజంగా భయమేసింది.

అంత రద్దీలోనూ హోటల్‌ని సౌభాగ్యమ్మకు వదిలేసి మార్కాపురం ఆసుపత్రికి తీసుకుపోయింది రంగమ్మ. బడికి సెలవు చెప్పి నేనూ ఎక్కాను. డాక్టర్ శిల్ప వేలికి క్లిప్పు పెట్టింది, ఎక్స్‌రే తీయించింది. న్యుమోనియా.

"మామూలు జలుబు దానంతటదే తగ్గుతుంది. తగ్గిన జ్వరం తిరగబెట్టినా, మాట్లాడటానికి ఊపిరి చాలకపోయినా, ఛాతీలో పొడిచినా ఆ రోజే రావాలి. ఇంతకీ మీరెట్లా కనిపెట్టారు?"

"పూరీలను బట్టి" అంది రంగమ్మ. డాక్టరు రాసుకోబోయి పెన్ను ఆపింది.

మందులు పూర్తిగా వాడి, మూడు వారాలకు మాల్యాద్రి మళ్లీ బస్సు పక్కన నిలబడ్డాడు. మేం ముగ్గురం గుమ్మంలో ఊపిరి బిగబట్టాం. పూరీ దాటాడు. దోసె దాటాడు. కిటికీలోంచి ఎవరో నాలుగు పెసరట్లు అన్నారు. నాకు గంతులేయాలనిపించింది.

"పిండి ఉందా?" అని అడిగాను.

"ఎవురూ అడక్కపోయినా దినామూ పెసలు నానబోస్తానే ఉండా" అంది రంగమ్మ, కళ్లు తుడుచుకుంటూ.