జరగని ప్రయోగం విజయవంతం

ఇది చదివాక మీరు నన్ను తిట్టుకుంటారు. తిట్టుకోండి, కానీ వరుసలో నిలబడాలి. మీకంటే ముందు ఎల్లారెడ్డి పోలీసులు, వాళ్ల వెనక అడవి దారిలో తిరిగే జనం ఉన్నారు. అక్కడికి రావలసిన ఒక సర్కారు గ్రాంటును నేను ఒక్కడినే ఆపాను. ఏళ్ల తరబడి ఫైళ్ల మీద కూర్చునేవాళ్లకు కూడా చేతకాని పని అది. నేను ఒక మధ్యాహ్నం అన్నం తిని, చేయి కడుక్కుని, ఫోనులో రెండు బొటనవేళ్లతో ముగించాను.

అప్పుడు నేను ఎల్లారెడ్డిలో ఒక దినపత్రిక విలేకరిని. మా జిల్లా పేజీ కామారెడ్డిలో తయారయ్యేది. ఆ పేజీకి ఎప్పుడూ తొందరే. ఊళ్లో ఇంకా దీపాలు వెలగకముందే అది మూతపడేది. కాబట్టి సాయంత్రం సభ ఉంటే మధ్యాహ్నమే వార్త పంపేయడం మా విలేకరులకు అలవాటు. "ఈ సందర్భంగా ఆయన మాట్లాడుతూ" అని నేను రాసే సమయానికి ఆ ఆయన ఇంట్లో నిద్రపోతుండేవాడు. ఇందులో పెద్ద తెలివేమీ అక్కర్లేదు. నాయకుడైతే అభివృద్ధే ధ్యేయమంటాడు. అధికారి అయితే సద్వినియోగం చేసుకోవాలంటాడు. ఒకసారి ఒక నాయకుడు గొంతు పట్టేసి, దండ వేయించుకుని, ఒక్క మాటా మాట్లాడకుండా వెళ్లిపోయాడు. తెల్లారి పేపర్లో తన ఉపన్యాసం చదువుకుని నాకు ఫోన్ చేశాడు.

"నర్సింలూ, నిన్న మస్తు మాట్లాడిన గదనే!"

ఆ రోజు నా తలకు మొలిచిన కొమ్ములు చాలాకాలం రాలలేదు.

ఇక అసలు కథ. ఎల్లారెడ్డి నుంచి అడవిలోకి చీలే ఒక దారి ఉంది. ఆ దారిలో దిగితే ఫోన్ చచ్చిపోతుంది. పోలీసుల వైర్‌లెస్ సెట్టు గరగరమని, ముసలి పిల్లిలా గురక పెట్టి ఊరుకుంటుంది. ఎవరికైనా కబురు చెప్పాలంటే పక్కనున్న గుట్ట ఎక్కాలి. ఆ దారి డ్యూటీ హెడ్ కానిస్టేబుల్ గంగాధరన్నది. మనిషి నాకంటే పెద్దవాడు. అంతకుముందు వానాకాలంలో జరిగిన సంగతి ఆయన ఒక్కసారే చెప్పాడు, చాయ్ గ్లాసు కింద పెట్టి.

"ట్రాక్టర్ బోర్ల పడ్డది నర్సింలూ. కింద మనిషి ఉన్నడు. పానం ఉన్నది, నీళ్లడుగుతున్నడు. సెట్టుల ఎంత ఒర్లినా ఎవ్వల్కి వినవడలె. ఆయనను ఒక్కన్నే ఇడిశిపెట్టి గుట్టెక్కిన. అంబులెన్సుకు ఫోన్ చేసి దిగొచ్చేసరికి నీళ్లడుగుడు బంద్ చేసిండు."

తర్వాత ఆయన ఆ చాయ్ తాగలేదు.

ఎస్సై రాజేందర్ గారు మాత్రం ఊరుకోలేదు. పోలీసులు కొత్త సమాచార సాధనాలను ప్రయోగించి చూడటానికి కేంద్రం గ్రాంటు ఇస్తుందని ఎక్కడో చదివి, దరఖాస్తు పెట్టారు. ఒక కంపెనీ పరికరాన్ని కూడా అరువుగా తెచ్చి ఇచ్చింది. అదొక డ్రోన్. జీపులోంచి పొడవాటి వైరు కట్టి ఎగరేస్తే, చెట్ల పైన కదలకుండా నిలబడి, చుట్టుపక్కల లోయలకంతా సిగ్నల్ పంచుతుంది. ఎగిరే టవర్ అన్నమాట. గ్రాంటుకు షరతు ఒకటే. హైదరాబాద్ నుంచి ఒక అధికారిణి వచ్చి, ఇక్కడ నిజంగా ఇబ్బంది ఉందని, పరికరంతో అది తీరుతుందని కళ్లారా చూసి రాయాలి.

"ఇది గిట్ల వచ్చిందంటే గంగాధరన్న మల్ల గుట్ట ఎక్కే పని లేదు," అన్నారు ఎస్సై. "నువ్వు గూడ మంచిగ రాయాలె నర్సింలూ."

మంచిగా రాయమనడం మంచిదే. ఎప్పుడు రాయాలో కూడా చెప్పి ఉంటే బాగుండేది.

ప్రయోగం ఆ సాయంత్రం. మధ్యాహ్నం కామారెడ్డి డెస్కు నుంచి ప్రభాకర్ అన్న ఫోన్ చేశాడు.

"ఏంది నర్సింలూ, నీ డ్రోన్ ఐటమేది? పేజీల గంత జాగ ఇడిశిన."

"సాయంత్రం అయితది అన్నా."

"సాయంత్రం అయితే నేను గోడ మీద రాస్తనా? ఇప్పుడే పంపు. ఎట్లైనా ఏమైతది? ఎగురుతది, మెచ్చుకుంటరు. గంతే గదా?"

"గంతే అన్నా."

ఆ 'గంతే' నా నోట్లోంచి ఎంత తేలిగ్గా వచ్చిందో! కూర్చుని దంచేశాను. 'ఎల్లారెడ్డి అడవిలో ప్రయోగం విజయవంతం. ఇక మూలమూలకూ సిగ్నల్. పోలీసులకు తీరిన ఇబ్బందులు.' హైదరాబాద్ అధికారిణి చేత ఎస్సై గారిని పొగిడించాను. అది చాలదన్నట్టు చివర్లో గంగాధరన్నను తెచ్చి, 'ఆయన కళ్లలో ఆనందబాష్పాలు కనిపించాయి' అని కూడా పెట్టాను. పాఠకుడి గుండె కరగాలి కదా. పంపి, మీసం దువ్వుకుని, అడవికి బయల్దేరాను.

అక్కడ అందరం సిద్ధం. డ్రోన్ జీపు మీద కూర్చుని ఉంది. ఎస్సై గారి బూట్లు అద్దాల్లా మెరుస్తున్నాయి. అధికారిణి కారు రాలేదు. మబ్బు పట్టింది, వాన కొట్టింది, వెలిసింది. కారు రాలేదు. పొద్దు వాలుతుండగా ఎల్లారెడ్డి నుంచి ఒక కానిస్టేబుల్ బైకు మీద తడిసి ముద్దయి వచ్చాడు.

"సార్, మేడం కారు భిక్నూర్ కాడ ఆగిపోయిందంట. రాత్రికి కామారెడ్డిల ఉండి రేపు పొద్దుగాల వస్తరంట."

"గిప్పుడా చెప్పేది?" అని ఎస్సై గారు మండిపడ్డారు.

"ఫోన్ కలుస్తలేదు సార్. అందుకే ఉరికొచ్చిన."

కొత్త సమాచార సాధనం ప్రయోగం వాయిదా పడిందన్న సమాచారం బైకు మీద వచ్చింది. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. సగం నవ్వులో నా వార్త గుర్తొచ్చింది.

ఫోన్ తీశాను. అది నా ముఖంలాగే తెల్లగా, ఖాళీగా ఉంది. గుట్ట వైపు ఉరికాను. బురదలో చెప్పు ఒకటి దిగబడిపోయింది. తీయలేదు. వెనక గంగాధరన్న కంగారుగా వస్తున్నాడు.

"ఏమైందే? పాము కరిచిందా?"

"పామైతే బాగుండు అన్నా!"

పైన ఒక్క గీత సిగ్నల్ దొరికింది.

"ప్రభాకరన్నా, ఆ ఐటమ్ తీసెయ్యి! ప్రయోగం కాలేదు!"

"ఏందీ? పేజీ మిషనెక్కిందిరా."

"దింపన్నా!"

"దింపనీకి నేనేమన్న బస్సు నడుపుతున్ననా?"

ఫోన్ పెట్టేశాడు. చుట్టూ అడవి ఎంత ప్రశాంతంగా ఉందంటే, అందులో తలదాచుకుని సన్యాసం పుచ్చుకుంటే ఎవరికీ కబురు అందదు కదా అనిపించింది. ఎస్సై గారికి చెప్పే ధైర్యం లేదు. హైదరాబాద్ మేడం జిల్లా పేజీ ఎందుకు చదువుతుందిలే అని ధైర్యం చెప్పుకున్నాను.

చదివింది. కామారెడ్డి గెస్ట్‌హౌస్‌లో చాయ్‌తోపాటు మా పేపరే ఇచ్చారట.

తెల్లారి ఆమె కారు దిగుతూనే పేపరు విప్పారు.

"నర్సింలు గారంటే ఎవరు?"

"మా విలేకరి మేడం, మంచిగ రాస్తడు," అన్నారు ఎస్సై గారు, పాపం, గర్వంగా.

"తెలుస్తూనే ఉంది. నిన్న నేను ఇక్కడికి వచ్చానట. మిమ్మల్ని చాలా పొగిడానట. నేను భిక్నూర్ దగ్గర ధాబాలో కూర్చుని టైరు మార్పించుకుంటుంటే, ఇక్కడ ఎవరు మాట్లాడారండీ?"

ఎస్సై గారు నా వైపు చూశారు. ఆ చూపును నేను వర్ణించను. గంగాధరన్న పేపరు తీసుకుని, వేలు పెట్టి చదివి, మెల్లగా తలెత్తాడు.

"నేనెప్పుడు ఏడ్చిన్నే నర్సింలూ?"

ఆ తర్వాత ప్రయోగం జరిగింది. ఏదైనా చెట్టుకు తగులుకుని పాడై ఉంటే నాకు ఇంత బాధ ఉండేది కాదు. చక్కగా జరిగింది. డ్రోన్ చెట్ల పైకి లేచి, గాలిలో మేకు కొట్టినట్టు నిలబడింది. గంగాధరన్న సెట్టు పట్టుకుని లోయ అడుగుకు, ఆ ట్రాక్టర్ పడిన చోటికే దిగాడు.

"వినవడుతున్నదా?"

"మంచిగ వినవడుతున్నది అన్నా!" అని ఎల్లారెడ్డి ఠాణా నుంచి జవాబు.

ఆయన మళ్లీ అడిగాడు. మళ్లీ వినబడిందన్నారు. ఇంకోసారి అడగబోయి, సెట్టు దించి, అటు తిరిగి ముఖం తుడుచుకున్నాడు. నా వార్తలో అదొక్కటే నిజమైంది, ఒక రోజు ఆలస్యంగా.

ఆ మేడం మంచిదే. అనుకూలంగానే రాసింది. కానీ ఫైలు వెంట నా వార్త కూడా పైకి వెళ్లింది. పైన గ్రాంటు మంజూరు చేసే కమిటీ దాన్ని శ్రద్ధగా చదివింది. నన్ను అంత శ్రద్ధగా చదివిన పాఠకులు మరెవరూ లేరు. 'పోలీసుల ఇబ్బందులు ఇప్పటికే తీరినట్టు పత్రికలో వచ్చినందున గ్రాంటు అవసరం కనిపించడం లేదు' అన్నారు. నేను పరుగున సవరణ వేయించాను. తప్పిపోయిన గేదె ప్రకటన కింద, గేదెకంటే చిన్న అక్షరాల్లో వచ్చింది. దాన్నీ పంపాం. 'జరిగిందని ఒకసారి, జరగలేదని ఒకసారి వచ్చింది. అసలు ఏం జరిగిందో స్థానికులకే స్పష్టత లేదు' అని ఫైలు మూసేశారు. కంపెనీవాళ్లు డ్రోన్‌ను పెట్టెలో పెట్టుకుని వెళ్లిపోయారు.

ఎస్సై గారు తిట్టలేదు. బదిలీ మీద వెళ్తూ, "నర్సింలూ, నేను జాయిన్ అయినంక రాయి," అన్నారు. అంతే.

కొన్నాళ్లకు మద్నూర్ అవతల, మహారాష్ట్ర వైపు నుంచి ఒక పోలీసు అధికారి వచ్చాడు. నా వార్త ఏదో మరాఠీ పేపర్లో కూడా వచ్చిందట. ఎల్లారెడ్డి విజయం చూసి పోదామని వచ్చాడు. కొత్త ఎస్సై ఆయన్ను నాకు అప్పజెప్పాడు. అడవికి తీసుకెళ్లాను.

"ఎక్కడ ఉంది సాబ్?" అని వచ్చీరాని తెలుగులో అడిగాడు.

ఆకాశం చూపించి, ఉన్నదంతా చెప్పేశాను. ఆయన చాలాసేపు నవ్వి, కళ్లు తుడుచుకుని, "ఆ పేపర్ ఒక కాపీ ఇవ్వండి," అన్నాడు. నవ్వుకోవడానికేమో అని ఇచ్చాను.

మొన్న గంగాధరన్న మద్నూర్ బందోబస్తుకు వెళ్లి వచ్చాడు. ఎదురుగా కూర్చుని అన్నాడు:

"అవతల ఎగురుతున్నదే నర్సింలూ. గ్రాంటు వాళ్లకు వచ్చింది. ఎల్లారెడ్డి అడవిల మస్తు పనిచేసింది, మాకు గూడ కావాలె అని నీ వార్త జోడించి పెట్టిన్రంట. పెట్టంగనే ఇచ్చిన్రంట. ఆ సాబ్ నీకు సలాం చెప్పమన్నడు."

"నువ్వేమన్నవ్ అన్నా?"

"ఏమంట? చెప్తనన్న. రేపు పొద్దుగాల డ్యూటీ ఉన్నది, గుట్ట మీద బురద ఉంటది, జల్ది పోవాలె అని వచ్చిన."

కాబట్టి పాఠక మహాశయులారా, సమస్త దిక్కుల సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. జరగనిదాన్ని జరిగినట్టు ఇకపై రాయను. పొద్దు పొడిచిందని కూడా పొద్దు గూకాకే రాస్తాను. నా చావు వార్త ఎవరైనా ముందే రాసి పెట్టుకున్నా, గంగాధరన్న కళ్లారా చూసి రూఢి చేసేదాకా అచ్చు వేయవద్దని మనవి. ఆ రోజు ఆయన అడవి దారిలో ఉంటే కబురు అందదు. పేజీ ఆపి, ఓపిక పట్టండి.