వ్యాను మీద తువ్వాలు

మా అక్క భర్త కలకత్తాలో గుర్రాల వ్యాను నడిపేవాడు. గుర్రం బండిని లాగుతుందని అందరికీ తెలుసు. గుర్రాన్ని ఎక్కించుకుని వెళ్లే బండి ఒకటుంటుందని, దానికొక డ్రైవరుంటాడని చాలామందికి తెలియదు. పందెపు గుర్రాన్ని లాయం నుంచి మైదానానికి, జబ్బు చేస్తే డాక్టరు దగ్గరికి, అమ్ముడైతే కొన్నవాడి ఊరికి తీసుకువెళ్లడం బావ పని.

వ్యాను వెనక తలుపు కిందికి దించితే అదే గుర్రం ఎక్కే పలక. కొన్ని గుర్రాలు దాని ముందుకొచ్చి మొండికేస్తాయి. బావ ఎప్పుడూ చెర్నాకోల ఎత్తలేదు. తాడు వదులుగా పట్టుకుని, గుర్రానికి వీపు తిప్పి, తానే ముందు పలక ఎక్కి లోపలికి నడిచేవాడు.

"దాని మొకంలోకి సూస్తే బెదిరిపోద్ది బామ్మర్దీ. ఈపు సూపిస్తే, ఈడు ముందెళ్తన్నాడు కదా, భయం లేదులే అనుకుంతాది" అనేవాడు. ఆ మాట అన్నప్పుడల్లా నన్నోసారి ఎగాదిగా చూసి, "నువ్వు సభల్లో అందరి మొకాల్లోకీ సూసి అరుస్తావు. అందుకే నీ ఎనక ఒక్కడూ రాడు" అని నవ్వేవాడు.

లాయం యజమాని పోయాక కొడుకులు గుర్రాలను అమ్మేశారు. తరువాత వ్యానును ఆన్‌లైన్ వేలానికి పెట్టారు. బావకు పని పోయింది. అప్పటికే జుట్టంతా నెరిసింది, కుడి మోకాలు పట్టేస్తూ ఉండేది. ఈ వయసులో కొత్తగా డ్రైవరు పని ఎవరిస్తారు? ఆ వ్యానునే కొనుక్కుంటే మాత్రం బతుకు గడుస్తుంది. మైదాన్‌లో జట్కాలు నడిపేవాళ్లకు, స్వారీ నేర్పేవాళ్లకు గుర్రాన్ని తరలించాల్సి వస్తే బావనే పిలుస్తారు. వ్యాను దొరికితే ఆయన డ్రైవరు. దొరకకపోతే ఏక్‌బాల్‌పూర్ గదిలో మంచం మీద కూర్చున్న ముసలివాడు. ఈ సంగతి ఆయనకూ తెలుసు, మాకూ తెలుసు.

వేలానికి ఫోటోలు తీసే రోజున బావ వ్యానును కడిగి, తన ఎర్రగళ్ల తువ్వాలును డ్రైవరు వైపు అద్దం మీద పరిచి, అక్కడే ఉంచేశాడు. ఎందుకో నాకు వెంటనే అర్థమైంది. నేనూ రేవు కూలీల మధ్య పుట్టినవాడినే.

మా నాన్న, బావ నాన్న శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి కలకత్తా రేవులో మోత పని చేశారు. పాతబడిన తోపుడుబళ్లు, గొలుసులు, కప్పీలు అక్కడ వేలం వేసేవాళ్లు. ఒక బండిని ఏళ్ల తరబడి తోసినవాడు దాన్ని కొనుక్కోవాలనుకుంటే, దాని మీద తన తువ్వాలు వేసేవాడు. తువ్వాలు చూశాక మనవాళ్లెవరూ పాట పెంచేవాళ్లు కాదు. చూసి కూడా ఎవరైనా పెంచితే, వాడికి అంతకన్నా పెద్ద అవసరం వచ్చిందని అర్థం. అప్పుడు తువ్వాలు వేసినవాడే పాట ఆపేయాలి. గెలిచినవాడు ఆ తువ్వాలును రెండు చేతులతో తీసి అతని చేతిలో పెట్టాలి. అది అడగకుండా అడిగే అనుమతి.

నేను హేతువాద సభల్లో ముహూర్తాలను, జాతకాలను, దిష్టి గుమ్మడికాయలను ఉతికి ఆరేసినవాడిని. ఏ ఆచారాన్నైనా ఒకటే అడుగుతాను: దీనివల్ల ఎవడు బాగుపడుతున్నాడు, ఎవడు నష్టపోతున్నాడు? ఈ తువ్వాలు మీద నాకు ఒక్క వాదనా దొరకలేదు. ఇందులో దేవుడు లేడు, పురోహితుడు లేడు, కులం లేదు. ఒకడి చేతిలోని పనిని ఇంకొకడు లాక్కోకూడదని కూలివాళ్లు తమలో తాము చేసుకున్న ఒప్పందం, అంతే. కానీ ఒప్పందం అది తెలిసినవాళ్ల మధ్యే నిలుస్తుంది.

"బావా, ఇది రేవు కాదు. ఫోన్లో పాడేవాడికి నీ తువ్వాలు ఏటి తెలుస్తుంది? తుడిచే గుడ్డ అనుకుంటాడు."

"ఫోటోలో పడ్డాది కదా. కళ్లున్నోడు సూస్తాడు."

"చూసినా అర్థం కాదు."

"నీకన్నీ అర్థమైపోతాయి. ఒగ్గీ ఆ మాట."

ఆ ఫోటోల కింద ఇంజను గురించి, టైర్ల గురించి రాశారు. తువ్వాలు గురించి ఏం రాస్తారు?

వేలం ముగిసేది ఒక ఆదివారం మధ్యాహ్నం. నా ఫోనుతో పాడటానికి భవానీపూర్ నుంచి వాళ్లింటికి వెళ్లాను. అక్క దేవుడి పటం ముందు నిమ్మకాయ పెట్టి, నా వైపు తిరిగింది. "ఒరే తమ్ముడూ, ఇయాలొక్క రోజు నోరు మూసుకో." మూసుకున్నాను.

మొదట్లో నలుగురైదుగురు పాడారు, తరువాత ఒక్కొక్కరే తప్పుకున్నారు. చివరికి మేము, ఇంకొకరు మిగిలాం. మేము పెంచగానే అవతలివాడు పెంచేవాడు.

"ఎవుడాడు?" అన్నాడు బావ.

"పేరుండదు బావా. నంబరే."

"మనోడా? బెంగాలీ వోడా?"

"తెలీదు."

"మొకం లేని పాటేటిది" అన్నాడు. నేను మళ్లీ పెంచాను. అవతల మళ్లీ పెరిగింది. ఇంకా పాడే శక్తి మాకుంది. దానికోసమే దాచిన డబ్బు అక్క దగ్గర ఉంది. నేను వేలు ఎత్తేసరికి బావ నా మణికట్టు పట్టుకున్నాడు.

"ఇంక సాలు, ఆపీ."

"ఎందుకు?"

"తువ్వాలు సూసి కూడా ఆగలేదంటే ఆడికి నాకన్నా కష్టం వచ్చుండాలి. ఆడూ నాలాటి డ్రైవరే అయ్యుంతాడు."

"వాడు చూడలేదు బావా. చూసినా వాడికి తెలీదు. అది మన ఆచారం, వాడిది కాదు."

"ఆడిది కాకపోతే? నాది కదా."

ఆయన చెయ్యి నా మణికట్టు మీదే ఉంది. బలంగా ఏం పట్టుకోలేదు, విడిపించుకోవచ్చు. ఎదుటివాడికి తెలియని నియమానికి నువ్వెందుకు కట్టుబడాలని నేను గట్టిగానే వాదించాను. వాదనలో నాదే గెలుపు. ఈలోగా గడువు అయిపోయి వ్యాను ఆ నంబరుకు వెళ్లిపోయింది.

తాళాలు అప్పగించడానికి లాయంవాళ్లు బావనే రమ్మన్నారు. నేనూ వెంట వెళ్లాను. వ్యాను తీసుకెళ్లడానికి వచ్చినతను మర్యాదస్తుడే. బావ బెంగాలీలో అడిగాడు, "ఏం గుర్రాలు దాదా? పందేలవా, స్వారీవా?"

"గుర్రాలా?" అతను నవ్వాడు. "చికెన్ రోల్స్ దాదా. న్యూ టౌన్‌లో ఆఫీసుల ముందు పెడతాం. ఈ వెనక పలక ఉంది చూడండి, దీన్ని ఇలా సగానికి ఎత్తి నిలబెడితే కౌంటరు."

బావ పలక వైపు చూశాడు. లోపలి గోడల మీద గుర్రాలు తన్నిన సొట్టలున్నాయి. వాటి మీద రేకు కొడతామని అతను చెప్పాడు. బావ తల ఊపి, పలక గొళ్లెం కాస్త పైకెత్తి తిప్పితేనే పడుతుందని చూపించాడు. తరువాత తాళాలు ఇచ్చేశాడు.

అతను డ్రైవరు సీటులో కూర్చోబోతూ అద్దం మీది తువ్వాలును చూశాడు. ఒక చేత్తో ఫోను చెవి దగ్గర పట్టుకుని, రెండో చేత్తో దాన్ని లాగి, "దాదా, మీ గామ్‌ఛా" అని బావకు అందించి, మళ్లీ ఫోనులో మాటల్లో పడ్డాడు.

బావ తువ్వాలును భుజాన వేసుకున్నాడు. వ్యాను వైపు ఇంక చూడలేదు. వీపు తిప్పి, మోకాలు నొప్పితో నెమ్మదిగా గేటు వైపు నడిచాడు. వ్యాను ఆయన వెనకే కదిలింది. కొంత దూరం అలాగే వెళ్లారు, ముందు ఆయన, వెనక వ్యాను. గేటు దగ్గర హారన్ మోగింది. బావ పక్కకు తప్పుకున్నాడు.

ఏక్‌బాల్‌పూర్ బస్సులో బావ తువ్వాలును మడతపెట్టి ఒళ్లో ఉంచుకున్నాడు.

"రెండు సేతుల్తోనే ఇచ్చినాడు కదూ?" అన్నాడు. "నాను తల దించుకున్నాను, సరిగ్గా సూడలేదు. నువ్వు సూసినావు కదా?"

రుజువు లేని మాట నమ్మనని, అననని పేరు తెచ్చుకున్నవాడిని.

"చూశాను బావా" అన్నాను. "రెండు చేతులతోనే."