ఇత్తడి పళ్ల చక్రం

మా బాపు దగ్గర ఒక విదేశీ కారు ఉండేది. అరవై తొమ్మిది ఉద్యమం సద్దుమణిగాక హైదరాబాదులో ఎవరో అమ్ముకుంటుంటే కొని జనగామకు తెచ్చాడు. పొడుగు ముక్కు, రెండే తలుపులు. గంటకు నూరు మైళ్లు పోతుందని చెప్పేవాడు. మేం చూసినంతవరకు అది కొట్టం దాటి పోయింది తక్కువ. కొన్ననాడే అవ్వకు, అంటే మా అమ్మకు, మాటిచ్చాడు, కాళేశ్వరం తీసుకపోయి గోదావరి స్నానం చేయిస్తానని. అవ్వ కొత్త చీర కట్టుకొని తయారైనప్పుడల్లా కారుకు ఏదో ఒక రోగం వచ్చేది. చివరికి అవ్వ ఆ కారులో ఒక్కసారైనా కూర్చోకుండానే పోయింది.

అస్థికలు గోదావరిలో కలపాలన్నప్పుడు మానుకోట నుంచి వచ్చిన మేనమామ బస్సులో పోదామన్నాడు.

"మాటిచ్చిన. కార్లనే తీస్కపోత" అన్నాడు బాపు.

మేనమామ నా వైపు తిరిగి, "నువ్వు గూడ పో బిడ్డా, తోసేటందుకు ఒకలుండాలె" అన్నాడు.

అప్పటికి కారు రోగం డిస్ట్రిబ్యూటరులో ఉంది. ప్లగ్గులకు వరుసగా కరెంటు పంచేది అదే. దాని అడుగున ఒక చిన్న పళ్ల చక్రం ఉంటుంది. ఆ పళ్లు అరిగిపోయాయి. కొత్తది ఈ దేశంలో దొరకదు. బాపు ఏ మెకానిక్కునూ అడగలేదు. పాతదాన్ని పెంబర్తి తీసుకపోయి, అక్కడి ఇత్తడి పనివాళ్లకు చూపించి ఇత్తడిలో అలాంటిదే చేయించాడు. దేవుని విగ్రహాలు చేసే చేతులకు ఇదొక లెక్కా అన్నది ఆయన వాదం. చక్రం చూడముచ్చటగా వచ్చింది. బాపు దానికి పసుపు కుంకుమ పెట్టి మరీ బిగించాడు.

భూపాలపల్లి దాటి అడవిలో పడ్డాక కారు రెండుసార్లు దగ్గి ఆగిపోయింది. బాపు డిస్ట్రిబ్యూటరు ఊడదీశాడు. ఇత్తడి పళ్లు కత్తి అంచుల్లా అయ్యాయి. గట్టి ఇనుముతో మెత్తటి ఇత్తడి కాపురం అంతే మరి. ఆయన డిక్కీలోంచి పాత ఇనుప చక్రం తీసి, దాన్ని కడ్డీకి పట్టి ఉంచే పిన్నుకు బదులు మేకు కొట్టి బిగించాడు.

ఇక టైమింగు, అంటే ప్లగ్గుకు కరెంటు అందాల్సిన క్షణం, కుదర్చాలి. మొదటి ప్లగ్గు తీసిన రంధ్రం మీద ఒకరు బొటనవేలు పెట్టాలి. ఇంకొకరు హ్యాండిలు తిప్పాలి. లోపలి గాలి వేలును నెట్టిన చోట ఆపాలి. అస్థికల కుండ నా చేతుల్లో ఉంది, కింద పెట్టకూడదు.

"సీటు మీద పెట్టనా?" అన్నాను.

"ఒక్కతే ఎట్లుంటది?" అన్నాడు.

అవ్వను చంటిపిల్లలా చంకనెత్తుకొని ఇంజను మీదికి వంగాను. అప్పుడు నాకు నిజంగా కోపం వచ్చింది.

"బతికున్నప్పుడు తోల్కపోలే. గిప్పుడెందుకు బాపూ ఈ పరేషాన్?"

ఆయన హ్యాండిలు తిప్పుతూనే ఉన్నాడు. "గాలొచ్చిందా?" అన్నాడు.

వచ్చిందన్నాను.

అంతలో కాళేశ్వరం బస్సు మా పక్కన ఆగింది. కండక్టరు తల బయటికి పెట్టి, "ఎక్కుండ్రి, సీట్లున్నయ్" అన్నాడు. బాపు నల్లటి చేతులు పంచెకు తుడుచుకొని, "వద్దు, మేం కార్ల పోతున్నం" అన్నాడు. కండక్టరు బానెట్టు వైపు ఒకసారి చూసి విజిలేశాడు.

కారు కదిలింది. అరిగిన పళ్లతో టైమింగు నిలవక, కొంత దూరానికోసారి బాపు దిగి డిస్ట్రిబ్యూటరును చేత్తో జరిపి మళ్లీ ఎక్కేవాడు. నూరు మైళ్ల కారును ఒక సైకిలు దాటిపోయింది. సైకిలు మీదాయన వెనక్కి తిరిగి కూడా చూడలేదు.

పొద్దు వాలుతుండగా గోదావరి ఒడ్డుకు చేరాం. నేను తలుపు తీశాను. బాపు ఇంజను ఆపలేదు, స్టీరింగు వదలలేదు. నీళ్లకేసి చూస్తూ కూర్చున్నాడు.

"అస్థికలు కలిపిచ్చే అయ్యగారు ఎల్లిపోతడేమో, దిగు బాపూ" అన్నాను.

"జర ఆగు బిడ్డా" అన్నాడు. "మీ అవ్వను ఇంకొద్దిసేపు కూసోనియ్యి."

నేను తలుపు మళ్లీ వేసుకున్నాను.