కణుపుకో నంబరు

మేము ఇంజనీరింగులో చేరిన ఏడాది, చిత్తూరు ఊరి బయట ఉన్న మా కాలేజీకి ఇంకా ప్రహరీ కూడా లేదు. ల్యాబులో కంప్యూటర్లు మాత్రం ఉండేవి. అన్నీ పాతవే. ఒక్కోదాని ముందు ముగ్గురం ఇరుక్కుని కూర్చునేవాళ్ళం. మాకు ప్రోగ్రాములు నేర్పింది లోకేశ్వరి మేడం.

ఆమెది శ్రీకాళహస్తి. నాయన గోవిందస్వామి గారికి అక్కడ శనక్కాయల నూనె మిల్లు ఉండేది. మేడం పదో తరగతి దాకా తెలుగు మీడియమే. డిగ్రీలో లెక్కలు, తిరుపతిలో ఎంసీఏ. కూతురు బ్యాంకు పరీక్ష రాస్తుందని ఆయన అనుకుంటూ ఉండగానే ఆమె 1996లో మా కాలేజీలో లెక్చరరుగా చేరిపోయారు.

మాలో సగంమందిమి పల్లెల పిల్లలం. ప్రోగ్రాము రాయడం ఎలాగో నెట్టుకొచ్చేవాళ్ళం. రాశాక తెర మీద ఇంగ్లీషులో తప్పులు పడితే మాత్రం చేతులాడేవి కావు. ఒకరోజు ధరణి అనే అమ్మాయి అలాంటి వాక్యాన్ని మళ్ళీ మళ్ళీ చదివి, మిషను ఆపేసి బయటికి వెళ్ళిపోయింది. మేడం ఆమె వెనకే వెళ్ళారు. ఏం మాట్లాడుకున్నారో మాకు తెలియదు. తర్వాతి సోమవారం క్లాసులో అన్నారు:

"తెలుగులో తప్పు చెప్పే కంపైలరు ఒకటి నేనే రాస్తా. టైము పడతాది. అంతదాకా దీంతోనే తిప్పలు పడదాం."

రెండు వేసవి సెలవులు దానికే పోయాయి. మేము మూడో సంవత్సరంలోకి వచ్చేసరికి కంపైలరు తయారైంది. ఆ మిషన్లలో తెలుగు లిపి లేదు. అందుకని తెలుగు మాటల్నే ఇంగ్లీషు అక్షరాల్లో చూపించేది. 'ఐదో వరుస: ఇక్కడ అంకె ఉండాలి, అక్షరాలున్నాయి' అని మొదటిసారి తెర మీద పడినప్పుడు ధరణి నవ్వింది. తప్పు చేసి నవ్విన మనిషిని ఆ ల్యాబులో చూడటం అదే మొదలు.

కంపైలరు అంటే మనం రాసిన ప్రోగ్రామును మిషను భాషలోకి మార్చేది. మార్చే ముందు అది ప్రతి వాక్యాన్నీ విడదీసి చెట్టులా పేర్చుకుంటుంది. 'బి ప్లస్ సి' అని రాస్తే పైన ప్లస్, దాని కింద ఒక కొమ్మకు బి, ఇంకో కొమ్మకు సి. వీటిలో ఒక్కోదాన్నీ నోడ్ అంటారు. చెరుకు పండించే ఇళ్ళ పిల్లలం కదా, మేడం మాకు కణుపు అని చెప్పారు. మా బ్యాచిలో ఆ మాటే నిలిచిపోయింది.

కొన్నాళ్ళకు గిరిప్రసాద్ చెయ్యెత్తాడు. "మేడం, తప్పు పదకొండో వరుసలో ఉండాది. మీ కంపైలరేమో మూడో వరుస అంటా ఉండాది."

"యాడ, సూపీప్పా."

అతని ప్రోగ్రాములో మూడో వరుసలో బి ప్లస్ సి ఉంది, పదకొండో వరుసలోనూ ఉంది. మధ్యలో బి అనే పేరును అతను అక్షరాలకు వాడుకున్నాడు. తప్పు రెండోచోటే. మేడం కంపైలరు కట్టిన చెట్టును తెర మీదికి తెప్పించారు. ప్లస్ ఒక్కటే ఉంది. రెండు వాక్యాలూ వచ్చి ఆ ఒక్క కణుపు మీదే వాలుతున్నాయి.

"మెమరీ మిగులుతాదని ఒకే మాదిరి ఉండేటివన్నీ ఒకటి చేసేసినా," అన్నారు. "మన క్లాసులో శ్రీనివాసులు ఇద్దరుండారు. పేరొకటే గదా అని హాజరు ఒక్కసారే పిలిస్తే ఎట్లుంటాది?"

"ఒకడు ఇంట్లో పండుకుంటాడు మేడం," అన్నాడు వెనక బెంచీ శ్రీనివాసులు.

ఆమె కూడా నవ్వారు. కానీ ఆ దిద్దుబాటు నవ్వినంత తేలిక కాలేదు. పుట్టిన ప్రతి కణుపుకూ సొంత నంబరు, దాని పక్కనే అది ఏ వరుసలో ఏ చోట పుట్టిందో ఆ గుర్తు ఇవ్వడం మొదలుపెట్టారు. చెట్టు రెండింతలైంది. పాత మిషన్లు మధ్యలోనే బిగుసుకుపోయాయి. మా హెడ్డు పరంధామయ్య సారు నచ్చజెప్పబోయారు. "ఎవుడో ఒక పిల్లోడు అట్ల రాసినాడని ఇంత పని పెట్టుకుంటారామ్మా? వదిలేయండి."

"రాసినోడికి తప్పు యాడుందో సూపించకపోతే, ఇది తెలుగులో మాట్లాడి ఏం లాభం సార్?"

చివరికి మార్గం దొరికింది. ప్రోగ్రాము మొత్తానికీ ఒకేసారి చెట్టు కట్టకుండా, ఒక్కో భాగానికి కట్టి, పని అయిపోగానే ఆ చోటు ఖాళీ చేసి తర్వాతి భాగానికి పోవడం. గిరిప్రసాద్ తన పాత ప్రోగ్రామును తెచ్చి నడిపాడు. పదకొండో వరుస అని పడింది. మేమంతా బల్లలు చరిచాం.

2001లో తిరుపతిలో జరిగిన ఒక సెమినారుకు మేడం దాని మీద పేపరు పంపారు. మా నలుగుర్ని వెంట తీసుకెళ్ళారు. గోవిందస్వామి గారు కూడా ఇస్త్రీ పంచె కట్టుకుని కాళహస్తి నుంచి వచ్చి మా పక్కన కూర్చున్నారు. మేడం మాట్లాడటం అయ్యాక, కంపైలర్ల మీద ఏళ్ళ తరబడి పనిచేసిన ఒక ప్రొఫెసరు గారు లేచి, ఒకేలా ఉన్న నోడ్లను కలిపేయడం అందరూ చేసే పొదుపే కదా, మీరెందుకు వదిలేశారని అడిగారు. మేడం తడబడలేదు.

"కలపడం తప్పు కాదు సార్. మిషను కోసం కలపొచ్చు. కానీ పిల్లలకు తప్పు చూపించేదాకా ఏ కణుపు ఎక్కడిదో మరిచిపోకూడదు. నేను ముందే కలిపేసి మరిచిపోయాను. మా స్టూడెంటు పట్టుకున్నాడు." గిరిప్రసాద్‌ను లేచి నిలబడమన్నారు. ప్రొఫెసరు గారు చప్పట్లు మొదలుపెట్టారు. హాలంతా అందుకుంది. వాడి చెవులు ఎర్రబడ్డాయి. భోజనాల దగ్గర ప్రొఫెసరు గారు ఫ్లాపీలో కంపైలరు కాపీ అడిగి మరీ పట్టుకెళ్ళారు.

సాయంత్రం మేడంనీ వాళ్ళ నాయన్నీ కాళహస్తి బస్సు ఎక్కించడానికి స్టాండుకు వెళ్ళాం. గోవిందస్వామి గారికి పొద్దుటినుంచీ ఒక సందేహం ఉన్నట్టుంది.

"పాపా, పొద్దున నువ్వు సూపించిన బొమ్మలో నీ చెట్టు తలకిందులుగా ఉండాది. వేరు పైనా, ఆకులు కిందా."

"అవును నాయనా. ఈ చెట్లు అట్లే గీస్తారు."

"మరి నీళ్ళు యాడ పోస్తారు?"

"పైనే పోస్తాం. కిందికి దానంతట అదే దిగతాది."

ఆయన ఒప్పుకున్నట్టు తలూపి బస్సెక్కారు, వెనకే మేడం. పక్క సీటు మనిషి ఎవరో తెలియదు, అతను ఏమీ అడగనూ లేదు. బస్సు కదులుతుంటే కిటికీలోంచి గోవిందస్వామి గారి మాట మాకు వినబడింది: "ఈమె మా బిడ్డ. కంపైలరు రాసింది."