మా కింది గొంతు

రంగూన్ లమ్మడా పేటలో నేనూ, బావా, మేనమామా కలిసి పెట్టుకున్న జమైకా రెగే పాటల బృందంలో మంద్రంగా పలికే కింది గొంతు మామది. అరచేత్తో చెవి మూసుకుంటేగాని ఆయనకు పాట వచ్చేది కాదు. ఓడ కళాసీ ఒకడిచ్చిన క్యాసెట్టే మాకు గురువు. దేశం తలుపులేసుకున్న కాలం. కొత్త బ్యాటరీలు దొరక్క, అరిగినవాటితో పాటలు మూలుగుతూ నడిచేవి. అదే రెగే అనుకుని ఏళ్ల తరబడి పెళ్లివారిని నిద్రపుచ్చాం. చివరికి కొత్త బ్యాటరీలు దొరికి ఆ పాటగాళ్ల అసలు వేగం విన్నప్పుడు సిగ్గుతో చచ్చాను.

మామ మాత్రం, "ఆళ్లకంత తొందరేటిరా?" అన్నాడు.

ఎనభై ఎనిమిదిలో సైనిక ప్రభుత్వం మీద తిరుగుబాటు ఊరేగింపులో నినాదానికి కూడా చెవి మూసుకుని కింది గొంతు కలిపాడు. తుపాకులు పేలాయి. అందరం పరిగెత్తాం. మామ తిరిగి రాలేదు.

ఇప్పుడు బ్యాటరీలకు కరువు లేదు. అయినా నేనూ బావా మెల్లగానే పాడతాం. మామ వస్తే అందుకోవాలి కదా.